స్థిరాసన పరీక్ష

ఆడపిల్లలు కూర్చున్నచోట కుదురుగా కూర్చోకుండా మాటిమాటికీ లేస్తున్నారని మా శాఖవారు కనిపెట్టారు. ఊరికే కాదు, అధ్యయనం చేసి మరీ కనిపెట్టారు. పాలు పొంగితే లేస్తున్నారు, కుక్కరు కూస్తే లేస్తున్నారు, తాతకు దగ్గొస్తే నీళ్ల గ్లాసు కోసం లేస్తున్నారు. మగపిల్లలు మాత్రం కంచం ముందు కూర్చున్నాక చెయ్యి కడుక్కోవడానికి తప్ప లేవడం లేదు. ఆ చెయ్యి కూడా కంచంలోనే కడిగేవాళ్లు ఎక్కువని నివేదికలో రాశారు. ఈ తేడా పసితనంలోనే, అమ్మానాన్నలను చూసి చూసి అబ్బుతోందట. ఇంతవరకు అక్షరాలా నిజమే. నేను జీవశాస్త్రం చెప్పే టీచరును, సుభాషిణి నా పేరు. నిజాన్ని నిజమంటే నాకు బాధ లేదు. నాకు ఒళ్లు మండిందల్లా ఆ తరవాత వాళ్లు చేసిన వైద్యానికి.

పదో తరగతికి 'గృహ పాత్రల సమతుల్య సాధన' అని కొత్త ప్రాక్టికల్ పెట్టారు. ఇరవై మార్కులు. మగపిల్లలు ఇంట్లో ఆడవాళ్లు చేసే పనులు చేసి చూపాలి. ఆడపిల్లలు ఇంట్లో మగవాళ్లు చేసే పనులు చేసి చూపాలి. ఇందులో తప్పినవాళ్లకు మిగతా వాటిలో ఎన్ని మార్కులొచ్చినా గురుకుల కళాశాలలో సీటు లేదు.

సిలబసు తయారుచేయడానికి మా నడిగడ్డపాలెం హైస్కూలులోనే కమిటీ కూర్చుంది. అధ్యక్షులు జాయింట్ డైరెక్టరు పరాంకుశం గారు. సభ్యులు మా హెడ్మాస్టరు, లెక్కల మాస్టారు, ఇంకొందరు మగవాళ్లు. ఆడవాళ్ల తరఫున నేనొక్కదాన్ని. బిస్కెట్లు కూడా నా తరఫునే.

మగపిల్లల సిలబసు టీ చల్లారేలోపే అయిపోయింది. అంట్లు, ఊడ్పు, ఉతుకు, వంట, పిల్లల ముక్కు తుడవడం, ముసలాళ్ల మందులు... చెప్పేవాడికి ఆయాసం వచ్చింది గాని పనులు అయిపోలేదు. ఆడపిల్లల సిలబసు దగ్గరకొచ్చేసరికి అందరూ ఫ్యాను వంక చూడడం మొదలుపెట్టారు.

"పురుషుడు గృహమందు నిర్వర్తించు విధులను సభ్యులు తెలియజేయవలసినదిగా కోరుచున్నాను," అన్నారు జె.డి. గారు.

"బల్బు మారుస్తామండీ," అన్నాడు లెక్కల మాస్టారు.

"కడపటిసారి ఎప్పుడు మార్చితిరి?"

ఆయన చాలాసేపు గుర్తుచేసుకున్నాడు. "మా ఇంట్లో బల్బులు గట్టివండీ," అన్నాడు చివరికి.

"ఆదివారం మాంసం తెచ్చేది నేనే సార్," అన్నారు హెడ్మాస్టరు.

"అది గృహమునకు వెలుపల. చెల్లదు. గృహములోపల ఏమి చేయుదురు?"

"పేపరు చదువుతానండీ."

జె.డి. గారు ముందుకు వంగారు. "ఆసీనులై చదువుదురా?"

"కూర్చునే సార్."

"మధ్యలో లేచెదరా?"

"ఎందుకు లేస్తాను సార్?" అన్నారు హెడ్మాస్టరు, నిజంగానే అర్థంకాక.

"అదీ!" అని బల్ల చరిచారు జె.డి. గారు. "గృహమున ఎంతటి కల్లోలము జరుగుచున్నను ఆసనము వీడకుండుట! స్త్రీజాతికి తరతరాలుగా అందకుండా పోయిన విద్య ఇదియే. దీనికి స్థిరాసన పర్యవేక్షణ అని నామకరణము చేయుచున్నాను. పొయ్యిమీద పాలుండును. విద్యార్థిని పత్రిక చదువుచుండును. గంట మ్రోగువరకు లేవరాదు. లేచినచో సున్న."

నేనూరుకోలేక అడిగాను. "సార్, ఆడపిల్ల కూర్చోవడం మంచిదే. మరి ఆ పాలు ఎవరు దించుతారు?"

"మేడమ్, అది మన శాఖ పరిధిలోనిది కాదు," అన్నారాయన ఎంతో మర్యాదగా. "మహిళా సంక్షేమం వారికి రాయండి. ఈలోగా ఇంకొక విడత టీ సంగతి చూడండి."

మా పదో తరగతిలో కవలలున్నారు. కోటేశ్వరి, నాగసాయి. ఒకే కడుపున, ఒకే రోజున, ఇంచుమించు ఒకే బరువుతో పుట్టారు. తేడా తరవాత పుట్టింది. తిరణాలలో వాడికి ట్రాక్టరు బొమ్మ కొంటే దీనికి లక్క పిడతలు కొన్నారు. వాడు ట్రాక్టరు విరగ్గొడితే 'మగపిల్లాడు, చేతులూరుకోవు' అన్నారు. ఇది పిడతల్లో ఇసుక వండి అందరికీ వడ్డిస్తే 'బంగారు తల్లి' అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు చాలా ఖరీదైనది, ఇప్పటికీ కడుతూనే ఉంది పిచ్చిపిల్ల. పొద్దున నీళ్లు పట్టి, ముగ్గేసి, అన్న చొక్కా ఇస్త్రీ చేసి బడికొస్తుంది. అన్నంటే దీనికన్నా కాస్త ముందు ఏడ్చినవాడు, అంతే. అయినా క్లాసులో మొదటి మార్కు దీనిదే. పశువుల డాక్టరు కావాలని దాని కోరిక. గురుకులంలో సీటొస్తే చదువు ఉచితం. రాకపోతే వాళ్లమ్మ ఆదిలక్ష్మితో పాటు మిర్చి యార్డుకు పోయి కాయల తొడిమలు తీయాలి. వాళ్ల నాన్న వీరాంజనేయులు ఎరువుల కొట్లో గుమాస్తా. సీటు రాకపోతే యార్డేనన్న మాట ఆయన ఏ కోపమూ లేకుండా, వాన వచ్చేట్టుంది అన్నట్టుగా చెప్పేశాడు.

మగపిల్లలకు ఇంటిదగ్గర సాధన చేస్తూ ఫోటోలు పంపాలని నియమం. ఫోటోలో ఆడమనిషి కనపడితే మార్కులు కోస్తారు. దాంతో ఊళ్లో తల్లులందరూ తలుపుల చాటుకు పోయారు. ఆదిలక్ష్మి తెల్లారగట్టే లేచి గిన్నెలు ముందు తళతళా తోమేది. తోమినవాటిని పక్కన పెట్టుకొని, ఒక్క గిన్నెకు మళ్లీ కాస్త మసి పూసి కొడుకు చేతికిచ్చేది. ఫోటోలో ముందూ వెనకా తేడా తెలియాలి గదా. వాడు గిన్నె పట్టుకొని నవ్వేవాడు, కోటేశ్వరి ఫోటో తీసేది. సమానత్వం వచ్చినప్పటినుంచి తనకు నిద్ర తగ్గిందని ఆదిలక్ష్మి నాతో అంది. "మంచిదే గదా టీచరుగారూ, పిల్లలకు మార్కులొస్తే," అని కూడా అంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. గది మధ్యలో కుర్చీ, పేపరు. గోడవారన గ్యాసు పొయ్యి, మీద పాలగిన్నె. పరీక్షకులు వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. ఆడపిల్లలు ఒక్కొక్కరే వచ్చి కూర్చోవడం, పాలు పొంగడం, వాళ్లు లేవడం, సున్న పడడం. ఒక పిల్ల ఎంతో నిగ్రహంగా పాలు పొంగిపోయినా కదల్లేదు. అందరం మెచ్చుకోబోతుంటే జె.డి. గారికి పొలమారింది. ఆ పిల్ల చటుక్కున లేచి మంచినీళ్లు అందించింది. ఆయన నీళ్లు తాగి, మూతి తుడుచుకొని సున్న వేశారు.

కోటేశ్వరి అందరిలోకీ ధీమాగా కూర్చుంది. చూపు పేపరు మీదనుంచి తిప్పలేదు. పాలు అంచుకు వచ్చేసరికి అలాగే పేపరు చదువుతూ లేచింది, మంట తగ్గించింది, చదువుతూనే వెనక్కొచ్చి కూర్చుంది. గంట కొట్టారు.

"పాసయ్యానా టీచర్?" అంది నవ్వుతూ.

"లేచావు గదే," అన్నాను.

"నేనా? నేను లేచానా?" అంది. అబద్ధం కాదు. ఆ పిల్ల లేచిన సంగతి ఆ పిల్లకే తెలియదు. నాకు ఏడుపొచ్చింది, తరవాత కోపమొచ్చింది. కోపం ఇప్పటికీ ఉంది.

ఆ రోజు ఫోటోల మీదే అబ్బాయిలందరూ పాసయ్యారు. నాగసాయికి ఇరవైకి ఇరవై. వాడికి శాలువా కప్పి 'సమానత్వ కుమార' అని బిరుదిచ్చారు. ఆ సన్మానానికి వేసుకునే చొక్కా కోటేశ్వరే ఉతికింది.

ఆడపిల్లలు మొత్తం తప్పారని పేపర్లో రాగానే సప్లిమెంటరీ ప్రకటించారు. ఊళ్లో కోచింగు మొదలైంది. కూర్చోవడంలో అనుభవమున్న మగవాళ్లకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఇన్నాళ్లూ ఇంట్లో దండగ అనిపించుకున్నవాళ్లు నిపుణులయ్యారు. అందరిలోకీ పేరున్నవాడు వీరాంజనేయులు. పక్కింటికి నిప్పంటుకున్నప్పుడు కూడా మంచం దిగకుండా 'ఏందంట ఆ గోల?' అని అడిగిన మనిషి ఆయన. కూతురికి తనే పాఠం చెప్పాడు. నేను వెళ్లేసరికి ఇద్దరూ ఎదురెదురు కుర్చీల్లో ఉన్నారు. వంటగదిలో పాలు కాగుతున్నాయి.

"కాలు కదపబాకు," అంటున్నాడు వీరాంజనేయులు. "చూపు పేపర్ మీదుండాల."

"పాలు పొంగుతున్నయ్యని తెలిసినాక ఎట్టా కూర్చుంటావు నాన్నా?"

"చెవిన పడనియ్యి, లోపలికి పోనియ్యబాకు. అంతే కిటుకు."

"మరి పొయ్యిమీద ఒలికిపోతేనో?"

"మీ అమ్మను కేకెయ్యి. లేవబాకు."

"అమ్మ లేకపోతే?"

వీరాంజనేయులు పేపరు దించి ఆలోచించాడు. పాపం, ఆయనకు ఇంతవరకు ఎదురుకాని ప్రశ్న అది. "ఎందుకు లేకుండా పోద్దీ?" అన్నాడు చివరికి. ఈలోపు ఆదిలక్ష్మి పెరట్లోనుంచి పరుగున వచ్చి పాలు దించింది.

సప్లిమెంటరీలో ఒకళ్ల తరవాత ఒకళ్లు ఆడపిల్లలు కూర్చున్నారు, పాసయ్యారు. కళ్లు గట్టిగా మూసుకొని కొందరు, చెవుల్లో దూది పెట్టుకొని కొందరు. తెచ్చిన పాలన్నీ మా స్కూలు గచ్చు తాగింది. కోటేశ్వరి వంతు వచ్చింది. పాలు పొంగాయి. పిల్ల కుర్చీ చేతులు పట్టుకొని నాన్న చెప్పినట్టే అరిచింది.

"అమ్మా! పాలూ!"

ఆదిలక్ష్మి బయటే ఉంది, ఉరికి వచ్చింది. గుమ్మంలో అటెండరు ఆపేశాడు. "బయటి సాయం తీసుకుంటే కాపీ కిందికొస్తదమ్మా. లోపలికి పోగూడదు."

పాలు ఒలికి మంట ఆరిపోయింది. గ్యాసు బుస్సుమంటూ వస్తూనే ఉంది. నేను వరండాలో తరవాతి పిల్లను సిద్ధం చేస్తున్నాను, కిటికీలోంచి అంతా కనిపిస్తోంది. వాసనకు హెడ్మాస్టరు ముక్కు ఎగబీల్చారు. లెక్కల మాస్టారు పక్కాయన వంక చూశాడు. పక్కాయన జె.డి. గారి వంక చూశాడు.

"ఏదియో వాసన వచ్చుచున్నది," అన్నారు జె.డి. గారు.

"అవునండీ, వస్తోందండీ," అన్నారు అందరూ. ఒక్కరంటే ఒక్కరు కదల్లేదు. వాళ్ల స్థిరాసనం చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. నేను లోపలికి పరుగెత్తేలోపే కోటేశ్వరి లేచి సిలిండరు కట్టేసింది, కిటికీలు బార్లా తీసింది, అందరినీ చేతులు పట్టి బయటికి తోసింది.

వరండాలో గాలి పీల్చుకున్నాక జె.డి. గారు కోటేశ్వరి తల నిమిరారు. "మా ప్రాణములు కాపాడినందులకు అభినందనలు. లేచినందులకు సున్న."

"సార్!" అన్నాను. నేననుకున్నదానికన్నా గట్టిగానే అన్నాననుకుంటాను, అటెండరు ఉలిక్కిపడ్డాడు. "ఇదే పని ఒక మగపిల్లాడు చేస్తే ఎన్ని మార్కులు?"

"ఇరవై. పైపెచ్చు శాలువా."

"ఆడపిల్ల చేస్తే?"

"మేడమ్, ఆడపిల్ల పొయ్యి ఆర్పుట సాధన కాదు, స్వభావము. స్వభావమునకు మార్కులిచ్చినచో ఖజానా చాలునా?"

అయితే ఆయనకూ ఇబ్బందే. జిల్లాలో ఇదొక్కతే తప్పితే నూటికి నూరు శాతం అని చెప్పుకోలేరు. రెండు రోజులు తర్జనభర్జన పడి ఉత్తర్వు పంపారు. 'సదరు విద్యార్థిని పొయ్యిని ఆర్పియున్నందున, పథకము నిమిత్తము ఆమెను విద్యార్థిగా పరిగణించి ఇరవై మార్కులు ఇవ్వడమైనది.' మేమందరం హమ్మయ్య అనుకున్నాం. నేను స్వీట్లు కూడా పంచాను. వేసవి నడుమ సీటు వచ్చింది, బాలుర గురుకులంలో. రెండు లుంగీలు, గడ్డం గీసుకునే సామాను వెంట తెచ్చుకొమ్మని కూడా రాశారు.

వీరాంజనేయులు ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, "మగపిల్లల హాస్టల్లో ఎట్టా ఉంటదండీ?" అన్నాడు. జె.డి. గారికి ఫోను చేశాను. "ఆమె తిరిగి ఆడపిల్ల కావలెనన్న మార్గము ఒక్కటే. స్థిరాసనమందు ఉత్తీర్ణురాలు కావలెను. ప్రత్యేక పరీక్ష పెట్టించెదను, నేనే స్వయముగా వచ్చెదను," అన్నారు. ఎంత దయ!

పరీక్షకు ముందు సాయంత్రం కోటేశ్వరి మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"ఈసారి లేవను టీచర్."

"గ్యాసు లీకైతే?"

"ఏదన్నా కానీండి. లేవను." కాసేపు గోరు గిల్లుకుంది. "మా అమ్మ చేతులు ఎప్పుడన్నా చూశారా టీచర్? యార్డు నుంచొచ్చాక మజ్జిగలో పెట్టుకొని కూర్చుంటది, మంటకు. ఆ చేతుల్తోనే మళ్లీ మాకు అన్నం కలుపుద్ది. నేనూ ఆ పనికే పోతే అమ్మకు ఎవరు కలుపుతారు?"



మర్నాడు గదిలో ఏర్పాట్లన్నీ మామూలే. పరీక్షకుల వరసలో ఈసారి నాకూ ఒక కుర్చీ వేశారు, ఆడవాళ్ల తరఫున. కోటేశ్వరి వచ్చి కూర్చుంది. కాలు మీద కాలు వేసుకుంది. పేపరు నిలువునా విప్పింది. పాలు వేడెక్కాయి, అంచున మీగడ వణికింది. మా వరసలో ఎవరూ పిల్లను చూడడం లేదు, అందరి చూపూ గిన్నె మీదే. పోయినసారి వాసన ఇంకా ముక్కుల్లో ఉన్నట్టుంది.

"పొంగుచున్నది," అన్నారు జె.డి. గారు.

కోటేశ్వరి పేజీ తిప్పింది.

"అమ్మాయీ, పొంగుచున్నది! అనగా, నీవు లేవరాదు. లేవవద్దు. కాని పొంగుచున్నది!"

పాలు బుస్సుమని పైకి లేచాయి. అంతే, జె.డి. గారి కుర్చీ కిర్రుమంది. ఆయన లేచారు. ఆయన లేచాక కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది? అందరూ లేచారు, అందరూ ఒక్కసారే పొయ్యి మీదపడ్డారు. హెడ్మాస్టరు మర అటు తిప్పాల్సింది ఇటు తిప్పారు, మంట పెద్దదైంది. "ఎటండీ, ఎటు తిప్పాలండీ?" అని లెక్కల మాస్టారు కేకలు. జె.డి. గారు వట్టి చేతులతో గిన్నె పట్టుకొని "అబ్బా!" అని వదిలేశారు. పాలన్నీ ఆయన ప్యాంటు మీదుగా గచ్చు మీదికి పారాయి. నేను లేవలేదు. ఆ ఒక్కరోజు నాకూ పరీక్షే అనుకున్నాను. ఎట్టకేలకు నలుగురూ కలిసి ఒక పొయ్యి ఆర్పారు.

అప్పుడు కోటేశ్వరి పేపరు మీంచి తల ఎత్తకుండానే అంది.

"పాలు కాయడం కూడా చేతకాదా? పొద్దస్తమానం ఇంట్లో ఉండి మీరు చేసే పనేందంట?"

అందరికీ ఆ మాట ఎక్కడో విన్నట్టే ఉంది. జె.డి. గారు కాలిన వేళ్లు ఊదుకున్నారు. "ఆసనము వీడలేదు. పైగా విమర్శ కూడా చేసినది," అన్నారు నీరసంగా. "ఇరవై వేయండి. ఆమె ఆడపిల్లయే."

గంట కొట్టారు. ఇక మిగిలింది గచ్చు మీది పాలు. వాటికేసి పెద్దలందరూ చూశారు, తరవాత అలవాటుగా గుమ్మం వైపు చూశారు. యార్డు నుంచి అప్పుడే వచ్చినట్టుంది ఆదిలక్ష్మి, కొంగు మీద ఎర్రటి మిరప దుమ్ముతో అక్కడ నిలబడి ఉంది. అటెండరు ఈసారి ఆపలేదు. పెద్దలు ఆవిడ వచ్చి తుడవడానికి వీలుగా మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చారు.

ఆదిలక్ష్మి లోపలికి వచ్చింది. పాలను చూసింది, కూతురిని చూసింది, ఖాళీగా ఉన్న కుర్చీలను చూసింది. అన్నిటిలోకీ పెద్దది, దిండు వేసి ఉన్నది, జె.డి. గారిది. వెళ్లి అందులో కూర్చుంది.

"గుడ్డ ఆ కిటికీలో ఉందయ్యా," అంది. "తడిపి గట్టిగా పిండుకొని తుడవండి, లేకపోతే చీమలొస్తయ్."